రోమన్ల వేడినీటి బుగ్గలు: ఏది చూసి రావాలి, ఏది మునిగి రావాలి

లండన్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో ఉండే మనవాళ్లు ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే తప్పకుండా తీసుకెళ్లే చోట్లలో బాత్ నగరం ఒకటి. అక్కడ టికెట్ కొని, ఆవిర్లు కక్కే ఆ పచ్చని కొలను ఒడ్డున నిలబడ్డాక పెద్దవాళ్లు అడిగే మొదటి మాట: "మునగడానికి ఎటు వెళ్లాలి?" ఎటూ లేదు. వేలు కూడా ముంచనివ్వరు. అదే ఇటలీలోని సాటుర్నియాలో అయితే అర్ధరాత్రి వెళ్లి కూడా మెడదాకా మునిగి కూర్చోవచ్చు, దిగినందుకు పైసా కట్టక్కర్లేదు. రెండూ రెండువేల ఏళ్లుగా జనానికి తెలిసిన నీళ్లే.

కాబట్టి ఎక్కడికి వెళ్తే ఏం దొరుకుతుందో ముందే తెలిస్తే సగం పని అయిపోయినట్టే. నీళ్లలోకి ఎలా దిగాలి, ఎంతసేపట్లో లేవాలి, ఒంటికి ఏ మేలు ఆశించాలి అన్నవి మిగతా సగం.

మొదటి అడుగు: స్నానశాలనూ బుగ్గనూ కలిపేయకండి

రోమ్ నగరంలో క్రీ.శ. 216లో ప్రారంభమైన కారకల్లా స్నానశాలలు చూడదగ్గవే. కానీ అక్కడ భూమిలోంచి వేడినీళ్లు ఊరలేదు. కొండల నుంచి కాలువ కట్టి తెచ్చిన చన్నీళ్లను కట్టెల పొయ్యిల మీద కాచేవారు. నేల కింద ఇటుక స్తంభాలు పేర్చి, వాటి మధ్యగా వేడిగాలి పోనిచ్చి గదులను వెచ్చబెట్టేవారు. అది ఊరందరూ వచ్చి ఒళ్లు తోముకుని, కబుర్లు చెప్పుకుని వెళ్లే చోటు. జబ్బు నయం కావాలని దూరాలు నడిచి వెళ్లింది అక్కడికి కాదు, సహజమైన బుగ్గల దగ్గరికి.

అలాంటి బుగ్గలున్న ఊళ్లను గుర్తుపట్టడం తేలికే. వాటి లాటిన్ పేరు చాలాసార్లు 'అక్వే' అనే మొదలవుతుంది. బాత్ అప్పట్లో అక్వే సూలిస్. ఫ్రాన్స్‌లోని ఎక్స్ నగరం క్రీ.పూ. 122లో సెక్స్టియస్ అనే సేనాని స్థాపించిన అక్వే సెక్స్టియే. డాక్స్ అంటే అక్వే తార్బెల్లికే, పోర్చుగల్‌లోని షావెస్ అంటే అక్వే ఫ్లావియే, జర్మనీలోని ఆఖెన్ అంటే అక్వే గ్రానీ. రోమన్ల దారుల పటానికి మధ్యయుగంలో తీసిన నకలు ఒకటి వియన్నాలో ఉంది. అందులో ఇలాంటి ఊళ్ల దగ్గర నడుమ కొలను ఉన్న చతురస్రపు భవనం బొమ్మ కనిపిస్తుంది. బాటసారికి అదే సూచన: ఇక్కడ వేడినీళ్లున్నాయి.

రెండో అడుగు: ఆ నీళ్లు ఎందుకు వేడిగా ఉన్నాయో తెలుసుకోండి

వేడినీటి బుగ్గ అనగానే అగ్నిపర్వతమే గుర్తొస్తుంది. నేపుల్స్ పక్కన బాయియే విషయంలో అది నిజమే. బాత్ చుట్టుపక్కల మాత్రం అగ్నిపర్వతం లేదు. దగ్గర్లోని మెండిప్ కొండల మీద పడిన వాన సున్నపురాతి పగుళ్లలోంచి 2,700 నుంచి 4,300 మీటర్ల లోతుకు దిగి, భూగర్భపు వేడికి కాగి, రాతి పొరలు విరిగిన చోట ఒత్తిడితో పైకి తన్నుకొస్తుందని భూగర్భ శాస్త్రవేత్తల లెక్క. ఇవాళ పొంగేది వేల ఏళ్ల కిందటి వాన. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఇసుక తవ్వితే వేడినీళ్లు రావడానికి కూడా అగ్నిపర్వతం అక్కర్లేకపోయింది, లోతుకు దిగిన నీళ్లే మళ్లీ పైకొస్తాయి.

ఇది తెలిస్తే వెళ్లేవాళ్లకు రెండు లాభాలు. ఒకటి, వేడి ఋతువుతో మారదు. బాత్‌లో బుగ్గ దగ్గర జనవరిలోనూ 46 డిగ్రీలే, జులైలోనూ 46 డిగ్రీలే. రోజుకు సుమారు 11 లక్షల 70 వేల లీటర్లు వస్తూనే ఉంటాయి. అందుకే నన్నడిగితే చలికాలమే మేలు: ఆవిరి బాగా కనబడుతుంది, జనం తక్కువ. రెండోది, ఆ నీరు ఏ రాతి గుండా వచ్చిందో దాని గుణం అంటుకుని వస్తుంది. సాటుర్నియా నీళ్లలో గంధకం, కుళ్లిన గుడ్ల వాసన. బాత్ నీళ్లలో ఇనుము, పారినచోటల్లా నారింజ రంగు మరక. టర్కీలోని పాముక్కలెలో నీళ్లు బయటి గాలి తగలగానే కార్బన్ డయాక్సైడ్ వదిలేసి, సున్నాన్ని తెల్లటి మెట్లుగా పేర్చుకుంటూ దిగుతాయి.

మూడో అడుగు: చోటు ఎంచుకోండి

బాత్. చరిత్ర కావాలంటే దీన్ని మించింది లేదు. లండన్ పాడింగ్టన్ స్టేషన్ నుంచి రైల్లో గంటన్నర, దిగాక నడకే. క్రీ.శ. 60-70 ప్రాంతంలో రోమన్లు ఇక్కడ గుడి కట్టారు. స్థానికులు కొలిచే సూలిస్ దేవతను తీసేయకుండా తమ మినర్వాతో కలిపి సూలిస్ మినర్వా అన్నారు. పెద్ద కొలను అడుగున పరిచిన 45 సీసపు రేకులు ఇంకా ఉన్నాయి. లోతు 1.6 మీటర్లు. రోమన్ల కాలంలో దానిపైన ఎత్తైన కప్పు ఉండేది కాబట్టి నీరు తేటగా ఉండేది. ఇప్పుడు ఎండ నేరుగా పడి నాచు పట్టడం వల్లే ఆ పచ్చదనం.

కొలను ఫొటోలు తీసుకుని బయటికొచ్చేయకండి. లోపలి గదుల్లో శాపపు రేకులున్నాయి, నా లెక్కలో ఆ ఊళ్లో చూడాల్సింది అవే. అరచేతిలో పట్టేంత సీసపు రేకు మీద దేవతకు ఫిర్యాదు గీకి, చుట్టచుట్టి, బుగ్గలో పడేసేవారు. అలాంటివి 130 దాకా దొరికాయి. ఎక్కువ భాగం దొంగతనాల గురించే: స్నానానికి దిగితే గట్టు మీద పెట్టిన అంగీ పోయింది, దుప్పటి పోయింది, డబ్బులు పోయాయి. డోసిమెడిస్ అనే అతని చేతి తొడుగుల జత పోయింది. తీసినవాడికి మతి పోవాలి, కళ్లు పోవాలి అని రాసి వేశాడు. దొంగ ఎవరో తెలియదు కాబట్టి 'మగవాడైనా ఆడదైనా, బానిసైనా స్వతంత్రుడైనా' అని ఎవరూ తప్పించుకోకుండా రాసేవారు. వకీలు నోటీసు కూడా అంత పకడ్బందీగా ఉండదు.

ఇక ఎందుకు మునగనివ్వరు? 1978లో ఆ ఊళ్లో బుగ్గ నీటి కొలనులో ఈదిన ఒక బాలిక మెదడువాపుతో చనిపోయింది. నెగ్లేరియా ఫౌలెరి అనే అమీబా నీళ్లలో ఉందని తేలింది, స్నానాలు ఆపేశారు. తర్వాత లోతుగా బోర్లు వేసి శుభ్రమైన నీటిని వేరే దారిన తీసుకుని, 2006లో థర్మే బాత్ స్పా అనే కొత్త స్నానశాల తెరిచారు. మునగాలంటే అక్కడికే వెళ్లాలి. మేడ మీద ఆరుబయట కొలను ఉంది. 16 ఏళ్లలోపు పిల్లలను రానివ్వరు, కుటుంబంతో వెళ్లేవాళ్లు ఇది ముందే చూసుకోవాలి.

సాటుర్నియా. ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో, పాత రోమన్ దారి వయా క్లోడియా మీది ఊరు. క్రీ.పూ. 183లో రోమన్లు ఇక్కడ కాలనీ వేశారు. ఊరి కింద ఒక పాత మిల్లు, దాని పక్కన జలపాతం, దాని కింద సున్నం పేరుకుని సహజంగా ఏర్పడిన తొట్లు. నీరు 37 డిగ్రీలు దాటి ఉంటుంది, అంటే ఒంటి వేడే. దిగగానే చల్లగానూ వేడిగానూ అనిపించదు, ఒళ్లు తేలికైనట్టు ఉంటుంది. రోమ్ నుంచి కారులో రెండు, రెండున్నర గంటలు. కారు లేకపోతే ఇబ్బందే. జలపాతం దగ్గర బట్టలు మార్చుకునే గదులు, లాకర్లు ఉండవు. పర్సు, పాస్‌పోర్టు గట్టు మీద వదిలి దిగారంటే డోసిమెడిస్ గతే. వేసవి ఆదివారం మధ్యాహ్నం వెళ్తే మోచేతులు తగులుతాయి, తెల్లవారుజామున వెళ్లండి.

సాన్ కషానో దేయి బాన్యి. టస్కనీలోనే ఉన్న ఈ చిన్న ఊరు 2022 నవంబరులో వార్తల్లోకెక్కింది. బుగ్గ మడ్డిలోంచి 20కి పైగా కంచు విగ్రహాలు, వేలకొద్దీ నాణేలు బయటపడ్డాయి. ఆ బురదలోకి గాలి చొరబడక రెండువేల ఏళ్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటితోపాటు కంచుతో చేసిన చెవులు, చేతులు, కాళ్లు. ఏ అవయవానికి జబ్బు చేస్తే దాని బొమ్మ చేయించి బుగ్గకు ఇచ్చేవారు. గుళ్లో వెండి కళ్లు, వెండి కాళ్లు మొక్కు చెల్లించే మనకు దీన్ని వేరే వివరించక్కర్లేదు. విగ్రహాల మీది రాతలు కొన్ని రోమన్ల కన్నా ముందు అక్కడున్న ఎట్రుస్కన్ల భాషలో, కొన్ని రోమన్ల లాటిన్‌లో. ఆ రెండు జాతులు బయట యుద్ధాలు చేసుకున్న కాలంలోనూ ఈ నీటి దగ్గర కలిసే మొక్కుకున్నాయన్నమాట. తవ్వకాల పక్కనే రాతి తొట్లు ఉన్నాయి, ఉచితంగా దిగవచ్చు. నీరు 40 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది, సాటుర్నియా కన్నా తక్కువసేపు చాలు.

పాముక్కలె. తెల్లటి కొండ మీద పాత హియెరాపొలిస్ నగరం. శిథిలాలు చూసి, అక్కడే మునగడానికీ వీలున్న చోటు ఇది. 36 డిగ్రీల కొలనులో, భూకంపానికి పడిపోయిన పాలరాతి స్తంభాల మధ్య ఈదవచ్చు, దానికి వేరే టికెట్. తెల్ల మెట్ల మీద చెప్పులు వేసుకోనివ్వరు. అక్కడే 'ప్లూటోనియం' అనే గుహ ఉంది. పాతాళానికి ద్వారమని నమ్మేవారు. భూగోళ పండితుడు స్ట్రాబో తాను లోపలికి వదిలిన పిచ్చుకలు వెంటనే చచ్చి పడ్డాయని రాశాడు. కారణం దేవుడు కాదు, నేలను అంటిపెట్టుకుని పేరుకునే కార్బన్ డయాక్సైడ్.

బాడెన్-బాడెన్. జర్మనీలోని ఊరు. బుగ్గలు 68 డిగ్రీల దాకా ఉంటాయి, చల్లార్చి ఇస్తారు. 1877 నాటి ఫ్రీడ్రిక్స్‌బాడ్ అనే స్నానశాల కింద రోమన్ స్నానశాల శిథిలాలున్నాయి. గదుల వరుస కూడా రోమన్ పద్ధతిని అనుసరించిందే. ఒక్క మాట: అక్కడ బట్టల్లేకుండా, ఆడామగా కలిసి దిగడం ఆనవాయితీ. అత్తమామలను తీసుకెళ్లాలనుకుంటే పక్కనే ఉన్న కారకల్లా థర్మేకు వెళ్లండి, కొలనుల్లోకి స్విమ్ సూట్ వేసుకునే దిగుతారు.

బాయియే. రోమన్ సంపన్నుల విలాసనగరం. రోమన్ తత్వవేత్త సెనెకా అక్కడి తాగుడు, పాటలు, పడవ షికార్లు చూసి ముఖం చిట్లించుకున్నాడు. 21 మీటర్ల వెడల్పు కాంక్రీటు గుమ్మటం నేటికీ నిలిచి ఉంది, రోమ్ నగరంలోని పాంథియోన్ కన్నా పాతది. నేల కుంగి సగం ఊరు సముద్రంలో మునిగింది. అద్దపు అడుగున్న పడవలోంచి చూడవచ్చు, ఈత వస్తే గైడుతో దిగవచ్చు.

అల్జీరియాలోని ఖెన్షెలా దగ్గర హమ్మామ్ ఎస్సాలిహీన్ ఇంకో రకం. రోమన్లు కట్టిన గుండ్రటి కొలనులో ఊరివాళ్లు ఇవాళ్టికీ స్నానం చేస్తున్నారు. వెళ్లడం అంత తేలిక కాదు.

వీసా విషయం ఒకటి: చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాతో బ్రిటన్‌లో దిగలేరు, బ్రిటన్ వీసాతో ఇటలీలో దిగలేరు. బాత్, సాటుర్నియా ఒకే ప్రయాణంలో అనుకుంటే రెండూ కావాలి.

నాలుగో అడుగు: ఏం నయమవుతుందో తేల్చుకోండి

ఇక్కడ కాస్త ఆగుదాం, ఎక్కువ అబద్ధాలు ప్రచారమయ్యేది ఈ విషయంలోనే. 43 ఖనిజాలు, 50 ఖనిజాలు అని బోర్డులుంటాయి. చర్మం గుండా ఖనిజాలు లోపలికి వెళ్లేది చాలా తక్కువ. అయినా జనం ఊరికే అన్ని శతాబ్దాలు వెళ్లలేదు.

1742లో బాత్‌లో తెరిచిన ఆసుపత్రికి చేతులు చచ్చుబడిన రోగులు వచ్చేవారు. వాళ్లలో రంగులు వేసేవాళ్లు, సీసం పని చేసేవాళ్లు ఉండేవారు. అంటే సీసం విషం. వారాల తరబడి రోజూ గంటలసేపు మెడదాకా నీళ్లలో కూర్చోబెడితే చాలామంది కోలుకున్నట్టు రికార్డులున్నాయి. ఎలా? 1980ల్లో బ్రిటన్ వైద్యులు పరీక్షించి చూశారు. మెడదాకా మునిగినప్పుడు నీటి ఒత్తిడికి కాళ్లలోని రక్తం ఛాతీ వైపు చేరుతుంది. ఒంట్లో నీరు ఎక్కువైందని శరీరం అనుకుంటుంది. మూత్రపిండాలు పని పెంచుతాయి, మూత్రంతోపాటు సీసమూ ఎక్కువగా పోతుంది. అంటే పనిచేసింది దేవతా కాదు, గంధకమూ కాదు, లోతు, వెచ్చదనం, సమయం. రోమన్లు మునిగిన కొలను అడుగున పరిచింది కూడా సీసపు రేకులే కావడం వేరే సంగతి.

ఇవాళ్టికి న్యాయంగా ఆశించగలిగింది ఇంత: కీళ్లనొప్పులు, నడుం నొప్పి కొన్నాళ్లు తగ్గుతాయి. నీళ్లలో ఒంటి బరువు మోకాళ్ల మీద పడదు కాబట్టి బయట వంగని మోకాలు లోపల వంగుతుంది. నిద్ర బాగా పడుతుంది. ఒక్క మునకతో కాదు, వరుసగా కొన్నాళ్లు చేస్తే. ఫ్రాన్స్‌లో డాక్టరు రాసిస్తే మూడు వారాల్లో 18 రోజుల స్నానచికిత్స ఇస్తారు, ఖర్చులో కొంత ప్రభుత్వ ఆరోగ్య బీమా భరిస్తుంది. ఒక పూట సాటుర్నియా వెళ్లొచ్చి మోకాలి మాత్రలు మానేయడం మాత్రం వద్దు.

ఐదో అడుగు: ఎవరు దిగకూడదు

గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు డాక్టరును అడక్కుండా వేడినీటి కొలనులో దిగకూడదు. మన ఇళ్లలో షుగర్ ఉన్న పెద్దవాళ్లు ఎక్కువ. పాదాలు తిమ్మిరెక్కి ఉంటే నీటి వేడి తెలియదు, కాలినా తెలియదు. వాళ్ల కోసం వేడి ఎంతుందో మీరు చేత్తో చూసి చెప్పాలి. మద్యం తాగి దిగడం అన్నిటికన్నా ప్రమాదం. మానని పుండు ఉంటే అసలు దిగవద్దు. క్రీ.శ. మొదటి శతాబ్దంలోనే వైద్యం మీద పుస్తకం రాసిన రోమన్ సెల్సస్ ఇదే రాశాడు: పుండు శుభ్రపడక ముందు స్నానశాలకు వెళ్తే అది కుళ్లుతుంది.

ఆరో అడుగు: సంచి సర్దుకోండి

పాత స్విమ్ సూట్ (గంధకం వాసన ఎన్ని ఉతుకులకూ వదలదు), జారని రబ్బరు చెప్పులు, రెండు తువ్వాళ్లు, తాగే నీళ్లు, తడిబట్టలకు ప్లాస్టిక్ కవరు. ఇటలీలో కట్టిన కొలనులున్న చోట కొన్నిచోట్ల తలకు టోపీ అడుగుతారు.

నగలు హోటల్లోనే పెట్టి రండి. గంధకపు నీళ్లకు వెండి నిమిషాల్లో నల్లబడుతుంది. మట్టెలు, పట్టీలు తీయడం చాలామంది మరిచిపోతారు. బంగారంలోనూ రాగి కలిసి ఉంటుంది కాబట్టి రంగు మారవచ్చు.

ఏడో అడుగు: దిగండి

భోజనం చేసి గంటన్నా గడవాలి. ముందు మామూలు నీళ్లతో ఒళ్లు కడుక్కోండి. పాదాలు, తర్వాత మోకాళ్లు, నడుము, అలా మెల్లగా. ఊపిరి నిలకడగా ఉంటేనే ఛాతీదాకా. 37 డిగ్రీల నీళ్లలో 20 నిమిషాలు, 40 దగ్గరైతే పది పన్నెండు నిమిషాలు చాలు. మళ్లీ కావాలంటే బయట కాస్త చల్లబడి దిగండి. తల ముంచకండి, ముక్కులోకి నీరు పోనివ్వకండి. శుద్ధి చేయని వెచ్చటి నీళ్లలో ఉండే ఆ అమీబా మెదడుకు వెళ్లేది ముక్కు దారినే. చాలా అరుదే, కానీ సోకితే బతకడం కష్టం. పిల్లలకు ఇది గట్టిగా చెప్పాలి.

ఎంత ఎక్కువసేపు ఉంటే అంత మంచిదనుకునేవాళ్లు రోమన్లలోనూ ఉన్నారు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు చనిపోయిన రోమన్ రచయిత పెద్ద ప్లినీ వాళ్లను చూసి విసుక్కున్నాడు: గంధకపు నీళ్లలో ఎన్ని గంటలు ఓర్చుకున్నామో చెప్పుకుని గొప్పలు పోతారు, అది హాని, మామూలు స్నానం కన్నా కొంచెం ఎక్కువసేపు ఉంటే చాలు, తర్వాత మంచినీళ్లతో కడుక్కుని నూనె రాసుకోవాలి. నీళ్లు అతిగా తాగి, వేళ్ల మీది ఉంగరాలు చర్మంలో కూరుకుపోయి కనబడనంతగా ఉబ్బినవాళ్లను తాను చూశానని కూడా రాశాడు. బాత్‌లో రుచి చూడటానికి శుద్ధి చేసిన బుగ్గనీరు ఇస్తారు, గోరువెచ్చగా, ఇనుప రుచితో ఉంటుంది. ఒక గ్లాసు తాగండి. ఆరుబయట తొట్లలోది ఒక్క గుక్క కూడా వద్దు.

ఎనిమిదో అడుగు: బయటికి వచ్చాక

ఒక్కసారిగా లేవకండి. వేడికి రక్తనాళాలు సడలి ఉంటాయి, లేవగానే కళ్లు తిరుగుతాయి. అంచు పట్టుకుని కూర్చుని, నిమిషం ఆగి లేవండి. నాచు పట్టిన రాళ్ల మీద పడి చెయ్యి విరగ్గొట్టుకునేది కూడా ఆ తొందరలోనే. మంచినీళ్లతో ఒళ్లు కడుక్కుని, అర లీటరు నీళ్లు తాగి, అరగంట కూర్చున్నాకే కారు నడపండి. ప్లినీ చెప్పిన నూనె మంచి మాటే: గంధకం, సున్నం చర్మాన్ని పొడిబారుస్తాయి. మనకు కొబ్బరినూనె చాలు. తడిబట్టలు మిగతావాటితో కలిపి ఉతక్కండి.

ఇంత చెప్పినా మట్టెలతోనే దిగారా? గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, వాటిని దానికి తగిలేలా పెట్టి, చెంచా వంటసోడా చల్లి, మరిగే నీళ్లు పోయండి. కొన్ని నిమిషాల్లో నలుపు చాలావరకు పోతుంది. రాళ్లు, ముత్యాలు పొదిగినవైతే ఇలా చేయకుండా కంసాలి దగ్గరికే తీసుకెళ్లండి.